ఆ రైలు టికెట్ ఎవరు కొనాలి?

నేను చేసే ఉద్యోగం ఏంటో మా బంధువుల్లో సగం మందికి ఇప్పటికీ అర్థం కాదు. "పిల్లల హోంలో పనిచేస్తుంది" అంటుంది మా అమ్మ. "కోర్టులో ఏదో చేస్తుందట" అంటాడు మా బాబాయి. రెండూ కొంచెం కొంచెం నిజమే. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఔట్‌రీచ్ వర్కర్‌ని. కాంట్రాక్ట్ ఉద్యోగం. రైల్వే స్టేషన్‌లో ఒంటరిగా దొరికిన పిల్లలు, పనిలోంచి పారిపోయి వచ్చిన పిల్లలు, ఇంట్లో కొడుతున్నారని కనబడిన బస్సెక్కేసిన పిల్లలు... వీళ్ల పక్కన కూర్చుని అమ్మ పేరు, ఊరి పేరు అడగాలి. ఆ ఊరు నిజంగా ఎక్కడుందో వెతకాలి. కాగితాలు రాయాలి. ఆర్డర్ వచ్చాక ఇంటికి చేర్చాలి.

పిల్లలతో మాట్లాడటం కష్టమా అని అందరూ అడుగుతారు. కాదు. రెండో రోజుకో మూడో రోజుకో వాళ్లే మాట్లాడతారు, ముఖ్యంగా టీవీ గదిలో. అసలు కష్టం రెండు ప్రశ్నల దగ్గరుంది. ఈ పిల్లాడు ఎవరి పరిధిలోకి వస్తాడు? వీడికయ్యే ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుంది? ఇవి రెండూ వేర్వేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ, ఆఫీసులో కూర్చుంటే ఒకటే ప్రశ్న. డబ్బు పెట్టాల్సి వచ్చే దాకా పిల్లాడు అందరి పరిధిలోనూ ఉంటాడు.

ఒక పిల్లాడి సంగతి చెబుతాను. పేరు చెప్పను, మండలం చెప్పను. ఉత్తరాంధ్ర పిల్లాడని మాత్రం చెబుతాను. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 74వ సెక్షన్ ప్రకారం ఇలాంటి పిల్లల్ని గుర్తుపట్టే వివరాలేవీ బయటపెట్టకూడదు. పెడితే ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది పేపర్లకీ టీవీలకీ మాత్రమే అనుకోకండి. ప్లాట్‌ఫాం మీద ఏడుస్తున్న పిల్లాడి మొహానికి ఫోన్ అడ్డం పెట్టి "వీడి పేరెంట్స్‌ని కనిపెట్టండి ఫ్రెండ్స్, షేర్ చేయండి" అని రీల్ పెట్టేవాళ్లు బోలెడు మంది. మంచి మనసుతోనే పెడతారు. కానీ వాడు పారిపోయి వచ్చింది ఆ తండ్రి దగ్గర్నుంచే అయితే? ఫోన్ చేతిలో ఉంది కదా, 1098 కొట్టండి. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

రెండేళ్ల కిందట, జూన్ నెల. రైల్వే పోలీసులు హైదరాబాద్‌లో ఒక స్టేషన్ నుంచి పన్నెండేళ్ల పిల్లాణ్ణి తీసుకొచ్చారు. సబ్బు నీళ్లలో నాని నాని వేళ్ల చివర్లు తెల్లగా ఊడిపోతున్నాయి. ఊరి చివర ఒక టిఫిన్ సెంటర్‌లో ఎనిమిది నెలలు పనిచేశాడట. తెల్లవారుజామున మూడున్నరకి గ్రైండర్ దగ్గర మొదలు, రాత్రి పదకొండుకి ప్లేట్ల దగ్గర ఆఖరు. తల్లి లేదు. తండ్రి మేస్త్రీ దగ్గర పది వేలు అడ్వాన్స్ తీసుకుని పిల్లాణ్ణి పంపించేశాడు, తర్వాత తనూ పనికి చెన్నై వైపు వెళ్లిపోయాడు. వీడికి తెలిసిన అడ్రస్ ఒక్కటే, అమ్మమ్మ ఊరు. ఆ ఊరికి ఏ రైలు వెళ్తుందో తెలియక రెండు రోజులు ప్లాట్‌ఫాం మీదే ఉన్నాడు.

ఇక్కడి దాకా చట్టం చాలా బాగా పనిచేస్తుంది, ఈ మాట గట్టిగా చెప్పాలి. సంరక్షణ అవసరమైన పిల్లాడు ఎవరికి కనిపించినా, ప్రయాణానికి పట్టే టైం పోను, 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకురావాలి. మేం సీడబ్ల్యూసీ అంటాం. ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు, వాళ్లలో కనీసం ఒకరు మహిళ. నల్లకోటు, బోను, సుత్తి ఏమీ ఉండవు. ఒక మామూలు బల్ల, కుర్చీలు. కానీ ఆ బల్లకి అవతల కూర్చున్న వాళ్లకి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌కి ఉండే అధికారాలున్నాయి. ఏ జిల్లాలో దొరికితే ఆ జిల్లా కమిటీయే చూడాలి. "నువ్వెక్కడివాడివో నిరూపించుకో, తర్వాత చూద్దాం" అనడానికి లేదు. సివిల్ కేసు వేయాలంటే ముందు పరిధి చూపించాలి. పిల్లాడికి ఆ బాధ లేదు. వాడు నిలబడిన చోటే వాడి పరిధి. ఈ సెక్షన్ రాసిన వాళ్లెవరో పిల్లల్ని ఎరిగిన వాళ్లే అనిపిస్తుంది నాకు.

మర్నాడు పొద్దున కమిటీ ముందు కూర్చోబెట్టాం. అన్నీ చెప్పాడు. హోంలో ఉంచమన్నారు, విచారణ చేసి రిపోర్టు ఇమ్మన్నారు, టిఫిన్ సెంటర్ మీద కేసు పెట్టమని లేబర్ డిపార్ట్‌మెంట్‌కీ పోలీసులకీ రాశారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదని 2016 సవరణ తర్వాత చట్టం స్పష్టంగా చెబుతోంది. ఇంట్లోవాళ్లకి బడి అయ్యాక సాయం చేయడం, సినిమాల్లో నటించడం లాంటి కొన్నే మినహాయింపులు. టిఫిన్ సెంటర్ వాటిలో లేదు.

ఆ రోజుతో ఒక్క పిల్లాడికి మూడు పరిధులు పుట్టాయి. నేరం జరిగింది ఇక్కడ కాబట్టి క్రిమినల్ కేసు ఇక్కడి కోర్టులో. పిల్లాడి బాగోగులు ఇప్పటికి ఇక్కడి కమిటీ, ఇల్లు తేలాక అక్కడి కమిటీ. ఎవరైనా వీడికి గార్డియన్‌గా కోర్టు ఉత్తర్వు కావాలంటే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం, పిల్లాడు మామూలుగా నివసించే చోటి జిల్లా కోర్టు. మరి ఎనిమిది నెలలు గ్రైండర్ పక్కన పడుకున్న పిల్లాడు మామూలుగా నివసించే చోటేది? లాయర్లు దీని మీద గంటలు వాదించగలరు.

విచారణ మొదలైంది. ఇంటి దగ్గరి పరిస్థితి ఏంటో కనుక్కుని సామాజిక పరిశీలన నివేదిక పదిహేను రోజుల్లో రావాలి. ఆధార్‌లో ఉన్న జిల్లాకి లెటర్ పంపాం. మూడు వారాలకి జవాబొచ్చింది, ఆ మండలం ఇప్పుడు తమ జిల్లాలో లేదని. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి కదా. ఆధార్ కార్డులు పాతవి, జిల్లాలు కొత్తవి. తెలంగాణ వాళ్లం మనమేం నవ్వనక్కర్లేదు, ఇక్కడ పది జిల్లాలు ముప్ఫై మూడయ్యాయి. కొత్త జిల్లాకి మళ్లీ రాశాం. వాళ్లు ఊరికి మనిషిని పంపారు. అమ్మమ్మ ఉంది, పెంకుటిల్లు ఉంది, పిల్లాణ్ణి పంపించమని వేలిముద్ర వేసింది. నివేదిక మా చేతికొచ్చేసరికి యాభై రోజులు.

ఈ యాభై రోజుల్లో పిల్లాడు ఆఫీసు భాష నేర్చేసుకున్నాడు. రోజూ సాయంత్రం గేటు దగ్గర నన్ను పట్టుకుని "అక్కా, మన ఆర్డర్ వచ్చిందేటి?" అనేవాడు. నా ఆర్డర్ అనడు, మన ఆర్డర్ అంటాడు. హోంలో ఇచ్చిన రెండు జతల బట్టలూ ఒక క్యారీబ్యాగ్‌లో సర్ది మంచం కింద పెట్టుకున్నాడు. ఉతికినవి ఆరగానే మళ్లీ అందులోకే.

నివేదిక రాగానే కమిటీ బదిలీ ఉత్తర్వు ఇచ్చింది. ఇదీ మీకు చెప్పాలనుకున్న సెక్షన్, 95. పిల్లాడిది వేరే ప్రాంతమని తేలితే, అది వాడి మేలుకేనని నమ్మకం కుదిరితే, అక్కడి కమిటీతో మాట్లాడి వీలైనంత త్వరగా అక్కడికి పంపించాలి. పంపించాలంటే పక్కన ఒక మనిషి ఉండాలి. ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి ఎస్కార్ట్ ఉత్తర్వు ఇస్తారు. పదిహేను రోజుల్లో తీసుకెళ్లాలి. ఆడపిల్లయితే మహిళా పోలీసు వెళ్లాలి. ఇంత వివరంగా రాసినవాళ్లు ఇంకో ఉప సెక్షన్ కూడా రాశారు. ఎస్కార్ట్‌గా వెళ్లే సిబ్బంది ప్రయాణ భత్యానికి రాష్ట్ర ప్రభుత్వం నియమాలు చేయాలి, ఆ డబ్బు ముందుగానే చెల్లించాలి.

ముందుగానే. పార్లమెంటు చేసిన చట్టంలో టీఏ అడ్వాన్స్ గురించి ఒక వాక్యం! మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. ఇంత చిన్న విషయం చట్టంలోకి ఎక్కాల్సి వచ్చిందంటే, అంతకుముందు ఎంతమంది పిల్లలు ఈ చిన్న విషయం దగ్గరే ఆగిపోయి ఉంటారో.

మా వాడూ అక్కడే ఆగిపోయాడు.

పోలీసుల వైపు నుంచి, ఆ వారం బందోబస్తు ఉంది, మనిషి లేడు, పైగా ఖర్చు ఏ హెడ్ కింద రాయాలో రాసివ్వండి అన్నారు. మా వైపు అకౌంట్స్‌లో, ఉత్తర్వు పోలీసులకి కదా, వాళ్ల బడ్జెట్‌లోంచే పోవాలి అన్నారు. అటువైపు జిల్లాకి ఫోన్ చేస్తే, మీరు తీసుకొస్తే సంతోషంగా తీసుకుంటాం మేడం, మేమొచ్చి తీసుకెళ్లాలంటే రాష్ట్రం దాటే ప్రయాణానికి పైనుంచి పర్మిషన్ కావాలి అన్నారు. ఎవరూ కసురుకోలేదు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఒక్కొక్కరి మాట విడిగా వింటే న్యాయంగానే ఉంటుంది. మూడూ కలిపితే పిల్లాడు మంచం మీదే ఉంటాడు.

లెక్కేసి చూశాను. స్లీపర్‌లో వెళ్లడానికి ఇద్దరికి, తిరిగి రావడానికి ఒకరికి, భోజనాలు, అటు చివర ఆటో. అన్నీ కలిపినా మూడు వేలు దాటదు. అదే పిల్లాణ్ణి ఇంకో నెల హోంలో ఉంచితే తిండికీ, బట్టకీ, కాపలాకీ ప్రభుత్వం పెట్టేది అంతకంటే తక్కువేం కాదు. కానీ ఆ నెల ఖర్చుకి హెడ్ ఉంది. టికెట్‌కి లేదు.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. మూడు వేలే కదా, మీరే పెట్టేయొచ్చుగా? పెడతాం. మా ఫీల్డ్‌లో పెట్టని వాళ్లెవరూ ఉండరు. పిల్లాడికి చెప్పులు, బిస్కెట్ ప్యాకెట్, ఫోన్ రీచార్జ్... ఇవి ఎవరూ లెక్కెట్టుకోరు. కానీ ఎస్కార్ట్ ఖర్చు మాత్రం నేను జేబులోంచి పెట్టనని తేల్చి చెప్పాను. మా సీనియర్‌కి కోపం కూడా వచ్చింది. నా వాదన ఇది. నేను పెట్టిన మూడు వేలు ఏ రిజిస్టర్‌లోనూ కనిపించవు. కనిపించని ఖర్చు వచ్చే ఏడాది బడ్జెట్ ప్రతిపాదనలోకి రాదు. అంటే నా మంచితనం వల్ల, ఎస్కార్ట్ ఖర్చు సున్నా అని ఆఫీసు రికార్డులో పడుతుంది. నా తర్వాత ఈ సీట్లోకొచ్చే అమ్మాయి జీతం తక్కువైనా, ఇంట్లో ఇబ్బంది ఉన్నా, తనూ మంచిదై తీరాల్సి వస్తుంది. న్యూస్‌లో "సొంత డబ్బుతో పిల్లాణ్ణి ఇంటికి చేర్చిన ఉద్యోగి" అని వస్తే అందరం లైక్ కొడతాం. నాకు మాత్రం అలాంటి వార్త చూస్తే, అక్కడ ఏ హెడ్‌లో డబ్బుండాల్సిందో అని అనుమానం వస్తుంది.

పిల్లలు వందల్లో ఉంటే ఈ సమస్య రాదు, అదే విచిత్రం. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీలో గాజుల కార్ఖానాల నుంచి రెండు వందల మందికి పైగా పిల్లల్ని పోలీసులు బయటికి తెచ్చారు. ఎక్కువ మంది బిహార్ పిల్లలే. దేశమంతా వార్త అయింది, వాళ్లని ఇళ్లకు పంపే ఏర్పాట్లు రెండు ప్రభుత్వాలూ చూసుకున్నాయి. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ అని ప్రత్యేకంగా నెల రోజులు గాలిస్తారు, అప్పుడు బళ్లు ఉంటాయి, మనుషులుంటారు. మా వాడు జూన్‌లో, ఒక్కడే, తనంతట తాను దొరికాడు.

ఇంకో పదహారు రోజులు గడిచాక మా కమిటీ ఛైర్‌పర్సన్ మేడం ఫైలు మళ్లీ తెప్పించుకున్నారు. ఆవిడ రిటైర్డ్ టీచర్. ఎక్కువ మాట్లాడరు. కొత్త ఉత్తర్వు రాయించారు. పాతదానికీ దీనికీ తేడా రెండు లైన్లు. ఒకటి, 95వ సెక్షన్‌లోని ఆ అడ్వాన్స్ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాశారు. రెండు, అంకె వేశారు. ఇన్ని రూపాయలు, ఫలానా తేదీలోగా, ఫలానా అధికారి చెల్లించి రసీదు కమిటీ ముందు పెట్టాలి, లేదా ఎందుకు చెల్లించలేదో రాతపూర్వకంగా చెప్పాలి. నాలుగో రోజు డబ్బులొచ్చాయి. ఎస్కార్ట్‌కి ఒక కానిస్టేబుల్, తోడు నేను.

ఆ ఉత్తర్వు జిరాక్స్ ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను. తర్వాత వచ్చిన ప్రతి కేసులో కమిటీని అడుగుతున్నాను, మేడం అంకె వేయండి అని. "తగు చర్యలు తీసుకోవలెను" అని రాసిన ఆర్డర్లు మా బీరువాలో ఎన్నో ఉన్నాయి. రూపాయలు రాసినవి తొందరగా కదులుతాయి.

ఇది మా ఒక్క ఆఫీసు గొడవేం కాదు. సంపూర్ణ బెహురా అనే సామాజిక కార్యకర్త 2005లో సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు, బాలల న్యాయ చట్టం కాగితం మీదే ఉంది, రాష్ట్రాలు అమలు చేయడం లేదని. తీర్పు 2018 ఫిబ్రవరిలో వచ్చింది. కమిటీల్లో ఖాళీలు నింపాలని, పిల్లల కోసం పెట్టిన నిధిని సరిగ్గా వాడాలని, హైకోర్టులు కూడా ఈ విషయం మీద కన్నేసి ఉంచాలని కోర్టు చెప్పింది. పిటిషన్ వేసిన రోజు పుట్టిన పిల్లాడికి తీర్పు నాటికి మా వాడికంటే ఎక్కువ వయసు.

ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పై బెర్త్ కావాలన్నాడు, ఎక్కాడు, నిద్రపోయాడు. అక్కడి కమిటీ ముందు అరగంట. అమ్మమ్మ చెట్టు కింద కూర్చుని ఉంది. "ఏటి నాయినా, ఇలగ సిక్కిపోనావు" అంది. నిజానికి హోంలో కొంచెం ఒళ్లు చేశాడు. అమ్మమ్మలకి కొలతలు వేరు.

పిల్లాణ్ణి అప్పగించడంతో పని అయిపోతుందనుకుంటారు. డబ్బు సంగతి అక్కణ్నుంచే మొదలవుతుంది. అమ్మమ్మ పొలం పనులకి వెళ్తుంది. పిల్లాడు మళ్లీ బళ్లో చేరాలి, తినాలి. మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అని ఒక పథకం ఉంది. పిల్లాడు కుటుంబంలోనే ఉండి చదువుకోవడానికి నెలకి 4,000 రూపాయలు. ఒకప్పుడు రెండు వేలుండేది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72 వేలు, మిగతా చోట్ల 96 వేలు మించకూడదు. మన రాష్ట్రాల్లో అయితే కేంద్రం అరవై పాళ్లు, రాష్ట్రం నలభై పాళ్లు పెట్టుకుంటాయి. మీకు తెలిసిన ఇంట్లో ఇలాంటి పిల్లలుంటే జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగండి. అడగని వాళ్లే ఎక్కువ.

చట్టంలో 45వ సెక్షన్ చూస్తే భర్త చనిపోయిన లేదా వదిలేసిన తల్లి పిల్లలు, బంధువుల దగ్గరున్న అనాథలు, తల్లిదండ్రులు పెద్ద జబ్బుతోనో ప్రమాదంతోనో మంచాన పడినవాళ్లు అని ఉంటుంది. మా వాడు వీటిలో దేనిలోకీ సరిగ్గా రాడు. తల్లి లేదు, తండ్రి ఉన్నాడు, కానీ లేడు. ఈ "ఉన్నాడు కానీ లేడు" అనే గడి ఏ ఫారంలోనూ ఉండదు. అదృష్టం ఏంటంటే వాత్సల్య మార్గదర్శకాల్లో బాల కార్మికులుగా ఉన్న పిల్లల్ని కూడా చేర్చారు. మా కమిటీ ఆర్డర్ కాపీలో ఆ మాట ఉంది. హైదరాబాద్‌లో ఒక క్లర్క్ టైప్ చేసిన రెండు పదాలు ఏడొందల కిలోమీటర్ల అవతల నెలకి నాలుగు వేలు.

మధ్యలో ఇంకో ముచ్చట. జాయింట్ ఖాతా తెరవడానికి బ్యాంకుకి వెళ్తే, తండ్రి బతికుండగా అమ్మమ్మ గార్డియన్ ఎలా అవుతుంది, కోర్టు పేపర్ తెండి అన్నారట. బయట కూర్చునే ఒకాయన, కోర్టులో గార్డియన్ పిటిషన్ వేయిస్తా, పదిహేను వేలవుతుంది అన్నాడట. ఆవిడ బేరమాడి పన్నెండుకి ఒప్పించింది కూడా! ఫోన్లో విని గుండె ఆగినంత పనైంది. 15100కి ఫోన్ చేయమన్నాను, పక్కింటి అబ్బాయి చేశాడు. అది న్యాయ సేవల హెల్ప్‌లైన్. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకీ, పిల్లలకీ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలి. ఈ విషయం బీటెక్ చదివిన మా తమ్ముడికి కూడా తెలియదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఒక లాయరమ్మ ఊరికొచ్చి, పిల్లాణ్ణి అమ్మమ్మ దగ్గరే ఉంచమని కమిటీ ఇచ్చిన ఉత్తర్వు చూపించి బ్యాంకులో మాట్లాడింది. ఖాతా తెరిచారు. పన్నెండు వేలు మిగిలాయి.

ఆదాయం సర్టిఫికెట్ సచివాలయంలో, స్టడీ సర్టిఫికెట్ బళ్లో, తర్వాత జిల్లా కమిటీ ఆమోదం, తర్వాత నిధులు విడుదల కావడం. మొదటి డబ్బులు ఏడు నెలలకి పడ్డాయి, కొన్ని నెలలవి కలిపి ఒకేసారి. బ్యాంక్ మెసేజ్ చదివించుకుని ఆవిడ నాకు ఫోన్ చేసింది. సంతోషపడుతుందనుకున్నాను. గొంతు బాగా తగ్గించి అడిగింది:

"ఈ డబ్బులకి పిల్లడ్ని మల్లీ ఎక్కడికి పంపాల తల్లీ?"

ఎక్కడికీ పంపక్కర్లేదు, తిరిగి కట్టక్కర్లేదు, ఇది అడ్వాన్స్ కాదు అని మూడుసార్లు చెప్పాను. ఆవిడకి తెలిసిన డబ్బు ఒక్కటే రకం, మనిషిని తీసుకెళ్లే రకం. ఆ తర్వాత కూడా రెండు నెలలు ఆ ఖాతాలోంచి రూపాయి తియ్యలేదు.

ఇప్పుడు పిల్లాడు ఎనిమిదో తరగతి. లెక్కల్లో బాగానే ఉన్నాడట, ఇంగ్లిష్ మాత్రం కష్టం అంటున్నాడు. రోజుకి మూడు మెసేజ్‌లు పెడతాడు, పక్కింటి అబ్బాయి ఫోన్ నుంచి. ఎక్కువగా క్రికెట్.

ఇక్కడి కేసు ఇంకా నడుస్తోంది. టిఫిన్ సెంటర్ యజమానికి శిక్ష పడితే ఆర్నెల్ల నుంచి రెండేళ్ల దాకా జైలు, 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. జరిమానా సొమ్ము బాల కార్మికుల పునరావాస నిధిలో వీడి పేరున పడాలి, దానికి ప్రభుత్వం ఇంకో 15 వేలు కలపాలి. వడ్డీతో సహా అదంతా పిల్లాడిదే. పై చదువుకి ఎంతో కొంత ఆసరా. అయితే జరిమానా పడాలంటే నేరం రుజువు కావాలి, రుజువు కావాలంటే వీడు సాక్ష్యం చెప్పాలి. కోర్టు ఇక్కడ, సాక్షి అక్కడ. సమన్లు వచ్చాయని చెబితే పిల్లాడు మొదట అడిగింది, "మల్లీ ఆ ఊరు రావాలేటి అక్కా?" అని. తర్వాత రెండు రోజులు మెసేజ్ పెట్టలేదు.

2022లో సుప్రీంకోర్టు ఒక పద్ధతికి ఆమోదం ఇచ్చింది. అక్రమ రవాణాకి గురై వేరే రాష్ట్రం నుంచి ఇంటికి చేరిన పిల్లలు సాక్ష్యం కోసం మళ్లీ అంత దూరం రానక్కర్లేదు. ఇంటికి దగ్గర్లోని కోర్టు ప్రాంగణంలోనో, న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసులోనో కూర్చుని వీడియోలో చెప్పొచ్చు. మా వాడి కేసు బాల కార్మిక చట్టం కింద ఉంది గనక దానికీ ఇదే వర్తింపజేయాలని మన ప్రాసిక్యూటర్ అడిగారు. జడ్జి గారు సరే అన్నారు. అక్కడి న్యాయ సేవాధికార సంస్థలో గది చూశారు, అమ్మమ్మ పక్కన కూర్చోవచ్చన్నారు. ఊరి నుంచి ఆ ఆఫీసుకి రానుపోను బస్సు ఛార్జీ, ఆ రోజు ఆవిడ కూలి ఎవరిస్తారో రాయించాలని మొన్న పిటిషన్ వేయించాను. అంకెతో సహా.

వాయిదా వచ్చే నెల రెండో వారం. వీడియో లింక్ ఇంకా రాలేదు.